ఆ ఇంటి తలుపు మళ్ళీ తట్టు

ప్రశ్న (2022 నవంబర్):

అక్కా, నమస్కారం. మాది చౌటుప్పల్. టెక్సస్‌లో ప్లేనోలో ఉంటాం. ఈ దేశం వచ్చి పంతొమ్మిదేళ్ళయింది, సిటిజెన్‌షిప్ వచ్చి మూడేళ్ళు. ఈ ఏడాది మేలో మా రాష్ట్రంలోనే యువాల్డీ అనే ఊరి బడిలో 19 మంది పిల్లల్ని, ఇద్దరు టీచర్లని కాల్చి చంపిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. జూన్‌లో గర్భస్రావానికి ఉన్న రాజ్యాంగ హక్కును సుప్రీం కోర్టు ఎత్తేసింది. నాకు పదహారేళ్ళ కూతురుంది. ఆగస్టులో మా ఊళ్ళోనే ఒక రెస్టారెంట్ పార్కింగ్‌లో మన దేశపు ఆడవాళ్ళు నలుగురి మీద ఒకావిడ చెయ్యి చేసుకుని, మీ దేశం పొమ్మంది. ఇక ఊరుకోలేకపోయాను. కౌంటీలో డిప్యూటీ రిజిస్ట్రార్‌గా శిక్షణ తీసుకుని ఓటర్లను నమోదు చేయించాను. గవర్నర్ పదవికి డెమొక్రాట్‌గా నిలబడ్డ బీటో ఒరూర్క్ కోసం శని, ఆదివారాలు కాళ్ళు అరిగేలా తిరిగాను.

నవంబర్ 8 రాత్రి పడుకునే వేళకే అంతా అయిపోయింది. తుపాకుల మీద ఆంక్షలు వద్దనే రిపబ్లికన్ గవర్నర్ గ్రెగ్ అబట్ 11 శాతం తేడాతో మళ్ళీ గెలిచారు. యువాల్డీ కౌంటీలో కూడా 60 శాతం ఆయనకే పడ్డాయి. అది చూసి "అయితే వాళ్ళకి అలాగే కావాలి" అని పైకే అనేశాను. పక్కనే ఉన్న నా కూతురు నావైపు ఎలా చూసిందో మర్చిపోలేకపోతున్నాను.

ఫ్రిస్కోలో ఉండే మా అక్కావాళ్ళాయన అబట్‌కి ఓటేశారు. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో "మీ చేతికి పిల్లల రక్తం అంటింది బావా" అని రాసి, గ్రూపులోంచి బయటికొచ్చేశాను. థాంక్స్‌గివింగ్‌కి రమ్మని అక్క రెండుసార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు. మా మునుగోడు ఉప ఎన్నికలో 93 శాతం ఓటేశారు. మా అమ్మ మోకాళ్ళ నొప్పులతో వెళ్ళి వేసొచ్చింది. ఇక్కడ సగం మంది కూడా కదల్లేదు. ఒక అపార్ట్‌మెంట్‌లో మన తెలుగాయనే తలుపు తీశారు. నా లిస్టులో ఉన్నది అంతకుముందు అద్దెకున్నవాళ్ళ పేరు. ఆయన పన్నెండేళ్ళుగా గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నారట. "మాకెక్కడి ఓటమ్మా, ఇక్కడే పుట్టిన మా అమ్మాయికి మార్చిలో పద్దెనిమిది నిండుతాయి, మా ఇంట్లో మొదటి ఓటు దానిదే" అని మంచినీళ్ళిచ్చి పంపారు. అన్ని తలుపులు తడితే చివరికి మిగిలింది ఇలాంటివే. అంతా బూడిదలో పోసిన పన్నీరు. ఇంకెప్పుడూ తలుపులు తట్టను. కాలిఫోర్నియా వెళ్ళిపోదామని మా ఆయనతో అంటున్నాను. నా ఆలోచన తప్పా?

– ప్లేనో నుంచి ఒక చెల్లి

సమాధానం:

చెల్లీ, అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చేసరికి నేనూ కోలుకోలేదు. మా నార్త్ కరోలినాలో సెనేట్‌కి నిలబడ్డ డెమొక్రాట్ చెరీ బీస్లీ ఓడిపోయారు. రాష్ట్ర సుప్రీం కోర్టులో మెజారిటీ కూడా అదే రాత్రి రిపబ్లికన్ల చేతికి వెళ్ళింది. దేశం మొత్తం చూస్తే అనుకున్నంత నష్టం జరగలేదు, సెనేట్ డెమొక్రాట్ల చేతిలోనే నిలబడింది, నిజమే. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారని మన గ్రూపులన్నీ పొంగిపోతున్నాయి. నాకూ సంతోషమే. కానీ పక్క ఊళ్ళో వాన పడిందంటే మన చేలో తడి రాదు. నీకు బాధగా ఉందంటే బాధపడే హక్కు నీకుంది. "పోనీలే, మిగతాచోట్ల బాగానే ఉందిగా" అనేవాళ్ళకు నువ్వు జవాబు చెప్పాల్సిన పని లేదు.

ముందు యువాల్డీ సంగతి. నీకు నిద్ర పట్టనివ్వనిది అదేనని నీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది.

అక్కడ 60 శాతం మంది ఎందుకు అలా ఓటేశారో నేను చెప్పలేను. నువ్వూ చెప్పలేవు. కానీ ఆ కౌంటీలోనే 38 శాతం మంది బీటోకి వేశారు. కూతుర్ని ఆ బడిలో పోగొట్టుకున్న ఒక తండ్రి కౌంటీ కమిషనర్ పదవికి నిలబడ్డాడు. బ్యాలెట్ మీద అచ్చయిన పేరు కూడా కాదు, ఓటేసేవాళ్ళు చేత్తో రాయాలి. ఓడిపోయాడు. "వాళ్ళకి అలాగే కావాలి" అన్నప్పుడు ఆ మాట ఆయనకీ తగులుతుంది కదమ్మా. నీ మనసులో ఆయన లేడని నాకు తెలుసు. కోపం వచ్చినప్పుడు మనం మనుషుల్ని ఊళ్ళుగా, రంగులుగా చూస్తాం. నీ కూతురు నీవైపు చూసిన చూపులో తప్పు పట్టడం కంటే భయమే ఎక్కువగా ఉండి ఉంటుంది. పిల్లలు చనిపోయిన రోజు పొయ్యి వెలిగించని అమ్మేనా ఈ మాట అన్నది అని. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని "ఆ రాత్రి నేనన్నది తప్పు" అని చెప్పు. కారణాలు చెప్పకు. ఆ ఒక్క ముక్క చాలు.

ఇంత ధైర్యంగా చెబుతున్నానంటే, అలాంటి మాట నేనూ అన్నాను కాబట్టి.

2014 మధ్యంతర ఎన్నికలు. మా డెమొక్రాట్ సెనేటర్ కే హేగన్ 45 వేల పైచిలుకు ఓట్ల తేడాతో ఓడిపోయారు. అప్పటికి రెండు నెలలుగా నేనూ నీలాగే తిరిగాను. మర్నాడు మా వీధి చివర ఉండే స్నేహితురాలు కనిపించింది. వృద్ధాశ్రమంలో రాత్రి షిఫ్టు ముగించుకుని అప్పుడే కారు దిగుతోంది, కాళ్ళకి ఇంకా ఆ తెల్ల పని బూట్లే ఉన్నాయి. "ఓటేశావా?" అన్నాను. "లేదు" అంది. "నీలాంటి వాళ్ళ వల్లే ఓడిపోయాం" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. తాళం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మూడు నెలల తర్వాత వాళ్ళమ్మాయి చెప్పింది. ఆ మంగళవారం పనికి దగ్గర్లో ఉన్న పోలింగ్ కేంద్రానికి ఆమె వెళ్ళిందట. అక్కడ లైన్లో నిలబడితే నీ బూత్ ఇది కాదన్నారట. అంతకుముందు అయితే వేరే బూత్‌లో వేసిన ఓటు కూడా లెక్కకొచ్చేది. 2013లో మా రాష్ట్రం తెచ్చిన చట్టం ఆ వీలు తీసేసింది. ముందస్తు ఓటింగ్ రోజుల్ని 17 నుంచి 10కి తగ్గించింది, ఓటేసే రోజుల్లోనే నమోదు చేసుకునే పద్ధతిని ఎత్తేసింది. ఆమె సొంత బూత్‌కి వెళ్ళి రావాలంటే షిఫ్టు పోతుంది. ఏడున్నరకి పోలింగ్ అయిపోయింది. నేను క్షమాపణ చెప్పడానికి వెళితే ఆమె అన్నది ఇదే: "నేను వెళ్ళాను. ఎందుకు వెయ్యలేదని నువ్వు అడగలేదు."

ఎనిమిదేళ్ళయింది. ఇప్పటికీ ఏ తలుపు ముందు నిలబడినా ఆ మాట వినిపిస్తుంది.

అందుకే "సగం మంది కూడా కదల్లేదు" అన్న దగ్గర నిన్ను కాసేపు ఆపుతున్నాను. లెక్కలు చూడు. 2018లో బీటో సెనేట్‌కి పోటీ చేసినప్పుడు, గెలిచిన రిపబ్లికన్ టెడ్ క్రూజ్‌కి 42 లక్షల 60 వేల ఓట్లు వచ్చాయి, బీటోకి 40 లక్షల 45 వేలు. ఈసారి అబట్‌కి దాదాపు 44 లక్షల 37 వేలు, బీటోకి దాదాపు 35 లక్షల 53 వేలు. గెలిచినవైపు నాలుగేళ్ళలో రెండు లక్షలు కూడా పెరగలేదు. మనవైపు ఐదు లక్షల దాకా కరిగిపోయాయి. కొందరు అటు వెళ్ళి ఉంటారు, అది ఒప్పుకోవాలి. కానీ నమోదైన కోటీ 77 లక్షల మందిలో 95 లక్షల పైచిలుకు అసలు రాలేదు. వాళ్ళంతా మనవాళ్ళే అనుకునేంత అమాయకత్వం నాకు లేదు. వాళ్ళెవరో, ఎందుకు రాలేదో మనం అడగలేదన్నదే నా బాధ. మన చేతికిచ్చిన కాగితం మీద ఏముంటుంది? "బీటోకి వేస్తారా, వెయ్యరా?" అంతే. పోయినసారి ఎందుకు వెయ్యలేదని అడిగే గడి అందులో ఉండదు.

మునుగోడుతో పోల్చావు. నేనూ ఆ 93 శాతం చూసి ఒక్క క్షణం కళ్ళార్పలేదు. కానీ మీ అమ్మగారు ఓటరుగా ఎలా నమోదయ్యారో గుర్తు చేసుకో. అధికారులే ఇంటికొచ్చి పేరు రాసుకున్నారు. బూత్ ఊళ్ళోనే ఉంటుంది. ఆ రోజు సెలవు. ప్రతి పార్టీ వాళ్ళూ గుమ్మంలోకి వచ్చి పిలుస్తారు. డబ్బు పంపకాల గురించి వచ్చిన వార్తలూ చదివాం, దాన్ని మెచ్చుకోవడం లేదు. ఇక్కడ టెక్సస్‌లో పేరు ఎక్కించుకునే బాధ్యత మనిషిదే. ఎన్నికకు 30 రోజుల ముందే గడువు ముగుస్తుంది. కొత్తగా నమోదు చేసుకునేవాళ్ళు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చేసుకునే వీలు లేదు, డ్రైవింగ్ లైసెన్స్ పని మీద వెళ్ళినప్పుడు తప్ప. ఎన్నిక మంగళవారం, పనిరోజు. మీ అమ్మగారి ఊళ్ళో ప్రభుత్వం చేసే పనిని ఇక్కడ జీతం లేకుండా నువ్వు చేశావు. దాన్ని బూడిద అనకు.

నీ కాళ్ళు ఏమీ చెయ్యలేదనుకుంటున్నావు కదా. మీ కాలిన్ కౌంటీలోనే, ప్లేనో ఇళ్ళ మధ్యే, రాష్ట్ర ప్రతినిధుల సభకి మిహేలా ప్లేసా అనే డెమొక్రాట్ గెలిచారు. తేడా వెయ్యి ఓట్లు కూడా లేదు. నువ్వు తట్టిన తలుపుల్లో కొన్ని ఆ నియోజకవర్గంలోవే అయి ఉంటాయి. బీటో కోసం బయటికొచ్చిన మనిషి ఆ బ్యాలెట్ మీదే ఆ పేరు కూడా చూసి ఉంటాడు.

అయినా ఓటమి ఓటమే. 1994 తర్వాత టెక్సస్‌లో రాష్ట్రస్థాయి పదవి ఒక్కటి కూడా డెమొక్రాట్లు గెలవలేదు. రెండేళ్ళలో మారిపోతుందని నీకు చెప్పలేను. మిషిగన్ కథ నువ్వు వినే ఉంటావు. 2016 ఎన్నికలు అయిపోయిన రెండు రోజులకి కేటీ ఫాహీ అనే 27 ఏళ్ళ అమ్మాయి ఫేస్‌బుక్‌లో ఒక వాక్యం పెట్టింది, నియోజకవర్గాల గీతలు ఇష్టమొచ్చినట్టు గీసే పద్ధతిని మారుద్దాం, ఎవరైనా వస్తారా అని. వాలంటీర్లు నాలుగు లక్షల పాతిక వేలకు పైగా సంతకాలు తెచ్చారు, 2018లో ప్రజలు 61 శాతంతో ఒప్పుకున్నారు, ఆ కొత్త గీతలతో జరిగిన మొదటి ఎన్నిక మొన్నటిది. దాదాపు నలభై ఏళ్ళ తర్వాత ఆ రాష్ట్ర రెండు సభలూ కలిసి డెమొక్రాట్ల చేతికి వచ్చాయి. కానీ నీకు ఆ దారి లేదు. టెక్సస్‌లో రాష్ట్ర చట్టాన్ని ప్రజలు సంతకాలతో బ్యాలెట్ మీదికి తెచ్చే హక్కే లేదు. అందుకే మిషిగన్ చూసి నేర్చుకో అనేవాళ్ళ మీద నీకు కోపం రావడం న్యాయమే. కొన్ని ఊళ్ళ పరిధిలో మాత్రం ఆ వీలుంది. మీ పక్కనే డెంటన్‌లో చిన్న మొత్తం గంజాయికి అరెస్టులు వద్దని సంతకాలు పెట్టి, ఈ నెల 8నే 70 శాతానికి పైగా ఓట్లతో గెలిపించుకున్నారు. అబట్ గెలిచిన రాత్రే.

నాకు ధైర్యం కావాల్సి వచ్చినప్పుడు తలచుకునే మనిషి మా రాష్ట్రం మనిషి, రోజనెల్ ఈటన్. ఫ్రాంక్లిన్ కౌంటీలో పుట్టిన నల్లజాతి స్త్రీ. 1940ల మొదట్లో, ఇరవై ఒకటో ఏట, కంచరగాడిద బండి మీద రెండు గంటలు ప్రయాణం చేసి ఓటు నమోదు చేసుకోవడానికి కౌంటీ కోర్టుకి వెళ్ళింది. అక్కడున్న ముగ్గురు తెల్లవాళ్ళు చేతులు కిందికి పెట్టి నిటారుగా నిలబడమని, రాజ్యాంగ పీఠిక చూడకుండా అప్పజెప్పమన్నారు. ఆమె అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. ఆ తర్వాత జీవితమంతా ఊరూరా తిరిగి వేలమందిని నమోదు చేయించింది. నేను చెప్పిన ఆ 2013 చట్టం వచ్చేసరికి ఆమెకి 92 ఏళ్ళు. కోర్టుకెక్కిన వాళ్ళలో ముందు వరసలో ఆమె ఉంది. 2014లో మేం ఓడిపోయిన రాత్రికి ఆ కేసు ఇంకా నడుస్తూనే ఉంది. 2016 జూలైలో ఫెడరల్ అప్పీల్స్ కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది, నల్లజాతి ఓటర్లను గురిపెట్టి రాశారని తీర్పులోనే రాసింది. ఆవిడ 2018లో వెళ్ళిపోయింది. ఎన్ని ఎన్నికలు ఓడిపోయి ఉంటుంది ఆ డెబ్భై అయిదేళ్ళలో!

ఇక మీ బావగారు.

ఓటు విషయంలో నీ అభిప్రాయం నువ్వు మార్చుకోనక్కర్లేదు. కానీ "చేతికి రక్తం అంటింది" అన్న మాట వెనక్కి తీసుకోవాలి. ఆయనా ఒక బిడ్డ తండ్రే. పైగా ఆ మాట అన్నది గ్రూపులో, అత్తమామలూ మేనకోడళ్ళూ చదివేచోట. థాంక్స్‌గివింగ్‌కి వెళ్ళు. గ్రూపులో క్షమాపణ రాయకు, అది మళ్ళీ నలుగురి ముందు పంచాయితీ అవుతుంది. వంటింట్లోనో, ఆయన చెత్త బయట పెట్టడానికి వెళ్ళినప్పుడో ఒక్కడే దొరికితే, "బావా, నేనన్న మాట అనకూడనిది, మన్నించు. నీ ఓటు మీద నాకు బాధ అలాగే ఉంది, అది ఇంకో రోజు మాట్లాడుకుందాం" అను. ఆయన ఏదో అంటాడు. ప్రాపర్టీ ట్యాక్స్ అంటాడు, బైడెన్ అంటాడు, పెట్రోలు ధర అంటాడు. ఆ రోజుకి విను. అక్క రెండుసార్లు ఫోన్ చేసిందన్నావు, ముందు ఆ ఫోన్ ఎత్తు. ఈ దేశంలో మనకున్నది నలుగురు మనుషులు తల్లీ.

ఇంకో మాట. గవర్నర్ విషయంలో మీ ఇద్దరికీ ఎప్పటికీ కుదరకపోవచ్చు. పిల్లల బడి విషయంలో కుదురుతుందేమో చూడు. పోయిన మేలో పక్కనున్న టారంట్ కౌంటీలో నాలుగు స్కూల్ డిస్ట్రిక్టుల్లో ఒక సంప్రదాయవాద ఫోన్ కంపెనీ రాజకీయ కమిటీ మద్దతిచ్చిన 11 మందీ బోర్డుల్లోకి వచ్చేశారు. ఆగస్టులో బళ్ళు తెరిచే ముందురోజు ఆ నాలుగింట్లో ఒకటైన కెల్లర్‌లో 41 పుస్తకాలు అరల్లోంచి తీయించారు. ఆ బోర్డు ఎన్నికలకి వచ్చేది గుప్పెడు మంది. మీ బావగారు చదువంటే ప్రాణం పెట్టే మనిషే అయి ఉంటారు, మనవాళ్ళలో కానివాళ్ళెవరు? వచ్చే ఏడాది మే 6న మళ్ళీ అవే ఎన్నికలు. ప్లేనో స్కూల్ బోర్డుకీ ఉన్నాయి.

కాలిఫోర్నియా సంగతి నవంబర్‌లో తేల్చకండి. ఆగస్టు నుంచి మీ రాష్ట్రంలో అమలవుతున్న గర్భస్రావ నిషేధంలో అత్యాచారానికి కూడా మినహాయింపు లేదు. ఆడపిల్ల తల్లిగా నువ్వు భయపడి ఇల్లు మారితే దాన్ని పిరికితనం అనేవాళ్ళతో నేను పోట్లాడతాను. కానీ భయంతో వెళ్ళడం వేరు, అలిగి వెళ్ళడం వేరు. నీ ఉత్తరంలో నాకు కనిపించింది రెండోది. ఎండాకాలం దాకా ఆగి, నీ కూతుర్ని కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడుకోండి. అది ఇంకో రెండేళ్ళలో కాలేజీకి వెళుతుంది. దాని మాటే ముందు వినాలి.

డిసెంబర్ 6న జార్జియాలో సెనేట్ రనాఫ్ ఉంది, ఎవరికీ సగానికి మించి ఓట్లు రాక మళ్ళీ జరిగే పోటీ. ఫోన్లు చెయ్యమని నీకు రోజూ మెసేజులు వస్తుంటాయి. ఈసారికి వదిలెయ్. అక్కడ చేసేవాళ్ళున్నారు. నువ్వు నిద్రపో, టీవీ కట్టెయ్, అమ్మతో మాట్లాడు.

జనవరిలో మాత్రం ఒక పని ఉంది. నీ డిప్యూటీ రిజిస్ట్రార్ నియామకం డిసెంబర్ 31తో ముగిసిపోతుంది, టెక్సస్‌లో సరిసంఖ్య ఏడాది చివర అందరిదీ ముగుస్తుంది. కౌంటీ ఆఫీసుకి వెళ్ళి మళ్ళీ తెచ్చుకో. ఆ తర్వాత, నీకు మంచినీళ్ళిచ్చిన ఆ తెలుగాయన ఇంటికి వెళ్ళు. వాళ్ళమ్మాయికి పద్దెనిమిది నిండేది మార్చిలోనే అయినా, పదిహేడేళ్ళ పది నెలలకే ఫారం నింపొచ్చు. అంటే జనవరిలోనే. ఓటేమో పుట్టినరోజు నుంచి చెల్లుతుంది. నింపిన ఫారాన్ని ఐదు రోజుల్లోపు నువ్వు కౌంటీకి అందజెయ్యాలి, నీకు తెలిసిందే. మే ఎన్నికకి గడువు ఏప్రిల్ 6. ఆ పిల్ల చదివే బడి గురించే ఆ పిల్ల మొదటి ఓటు.

వెళ్ళేటప్పుడు నీ కూతుర్నీ తీసుకెళ్ళు. పదహారేళ్ళు నిండిన పిల్లలు మీ దగ్గర పోలింగ్ కేంద్రంలో స్టూడెంట్ క్లర్కులుగా పనిచెయ్యొచ్చు, నీ సంతకం, ప్రిన్సిపాల్ సంతకం ఉంటే చాలు. ఇష్టమైతేనే, బలవంతం వద్దు. ఆ అపార్ట్‌మెంట్ నంబరు నీ పాత లిస్టులో ఉంటుంది. పాత అద్దెవాళ్ళ పేరు కొట్టేసి, పక్కన ఆ అమ్మాయి పేరు రాసి పెట్టుకో.